గుట్టలెక్కే గ్రూపుల చేరాలంటే: మన హనుమకొండ, వరంగల్, కాజీపేట వాళ్ల కోసం

మా ఆఫీసుల, మా గల్లీల ఈ మధ్య అందరు అడిగేది ఒకటే, అక్కా ఆదివారం పొద్దున్నే బ్యాగు తగిలించుకొని ఎటు పోతున్నవ్, మేం గూడ వస్తే తీస్కపోతరా అని. తీస్కపోతం, దాంట్ల డౌటే లేదు. కానీ ఎవరితో పోవాలె, మొదట ఏ గుట్ట ఎక్కాలె, కాళ్లకు ఏం తొడుక్కోవాలె, ఇంట్ల ఏం చెప్పాలె అని ఒక్కొక్కరికి ఫోన్ల అరగంట చెప్పే బదులు అంతా ఒక్క కాడ రాసి పెడ్తున్న.

నేను మొదలుపెట్టింది 4 ఏండ్ల కింద. షుగర్ బార్డర్‌ల ఉంది, రోజు నడువుమని డాక్టరమ్మ చెప్తే హనుమకొండ పబ్లిక్ గార్డెన్‌ల రౌండ్లు కొట్టుడు షురూ చేసిన, 3 వారాలకు బంద్ అయింది. ఒక్కదాన్నే కదా, ఇయ్యాల పోకపోతే అడిగేటోళ్లు లేరు, రేపు చూద్దాంలే అనుకుంట అనుకుంటనే ఆగిపోయింది. తర్వాత తెలిసినామె చెప్తే ఒక ట్రెక్కింగ్ గ్రూపుతో పోయిన. అందరు పాతికేండ్ల పిల్లలు, గుట్ట కింద వ్యాన్ దిగంగనే ఉరుకుడు పెట్టిండ్రు. నేను సగం కాడ దమ్ము తీసుకుందామని ఆగి తల ఎత్తి చూస్తే ఒక్కరు కనపడలే, తొవ్వ ఏ బండ పక్కకెల్లి పోయిందో తెల్వదు, ఫోన్‌ల సిగ్నల్ లేదు, బాటిల్ అడుగున ఇన్ని నీళ్లున్నయి. 40 నిమిషాలు ఆ బండ మీదనే కూసున్న. వాళ్లు దిగేటప్పుడు కలిసి ఏందక్కా పైకి రాలేదు అన్నరు. చెడ్డోళ్లేం కాదు పాపం, గ్రూపుతో నడుసుడు అంటే ఏందో వాళ్లకు ఎవరూ చెప్పలే. నాకైతే ఆ రోజు ఇంటికొచ్చినంక ఏడుపొచ్చింది.

ఇంకో 6 నెలలు ఎటూ పోలే. మళ్ల మా చెల్లె బలవంతం మీద ఇంకో గ్రూపుతో మడికొండ మెట్టుగుట్టకు పోయిన. అక్కడ చూసిన, రైల్వేల రిటైర్ అయిన ఒక పెద్దాయన చేతికర్ర పట్టుకొని అందరికంటే వెనుక వస్తున్నడు. ఎక్కలేక కాదు, ఎవరు ఎంత వెనుకబడ్డా వాళ్ల వెనుక ఆయన ఉండాలె, అది ఆ గ్రూపుల ఆయన పని. నేను 5 సార్లు ఆగిన, 5 సార్లు ఆయన నా పక్కనే బండ మీద కూసొని ఇగో అటు చూడు బిడ్డా గది కాజీపేట, గది ధర్మసాగర్ చెరువు అని చూపెట్టిండు గానీ లేవు లేవు అనలే. అందుకే నన్నెవరు అడిగినా మొదలు ఇదే చెప్త, గ్రూపుల చేరేముందు వాళ్ల ఫోటోలు చూడకుండ్రి, ఎంత పెద్ద గుట్టలు ఎక్కిండ్రో అడగకుండ్రి, మీ గ్రూపుల చివర్ల ఎవరు నడుస్తరు అని అడుగుండ్రి. పేరు చెప్పి ఫలానా ఆయన నడుస్తడు అంటే పోవచ్చు. ఎవరో ఒకరు ఉంటర్లే అంటే ఆ గ్రూపు మీకు వద్దు.

గ్రూపు యాడ దొరుకుతది

ఆన్‌లైన్‌ల వెతకొచ్చు కానీ మన ఊర్ల దానికంటే తొందరగ దొరికే జాగలున్నయి. పొద్దున 5:30 నుంచి 7 దాంక సుబేదారి ఆర్ట్స్ కాలేజ్ గ్రౌండ్, నెహ్రూ స్టేడియం, కాకతీయ యూనివర్సిటీ రోడ్లు, భద్రకాళి చెరువు కట్ట, వడ్డేపల్లి చెరువు కట్ట, ఎటు చూసినా నడిచేటోళ్లే. ఒక వారం రోజులు ఒకే టైముకు ఒకే కాడికి పోయి నడువుండ్రి, నాలుగో రోజుకు నమస్తే మొదలైతది, ఆరో రోజుకు ఏ ఏరియా అని అడుగుతరు, అప్పుడు గుట్టలకు పోయే బ్యాచ్ ఏమన్న ఉందా అన్న అని అడుగుండ్రి. ఉంటది. వాకింగ్ చేసే పది మందిల ఇద్దరన్న నెలకోసారి ఏదో ఒక గుట్టకు పోయేటోళ్లు ఉంటరు, సైకిల్ తొక్కే బ్యాచ్‌లు, ఫోటోలు తీసేటోళ్లు, పాత గుడులు కోటలు తిరిగేటోళ్లు గూడ ఈ గుట్టల మీదనే కలుస్తరు. యూత్ హాస్టల్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా అని 1949 నుంచి ఉన్న సంస్థ ఉంది, మెంబర్‌షిప్ తీసుకుంటే దేశం మొత్తం మీద వాళ్ల ట్రెక్కింగ్ ప్రోగ్రాంలకు పోవచ్చు. హిమాలయాల దాంక పోవాలన్న ఆశ ఉన్నోళ్లకు అది మంచిది, కానీ మొదలు మన గుట్టలు కానిద్దాం.

ఆడవాళ్లకు ఒక మాట, మీ సొంత అక్క చెప్పినట్టు వినుండ్రి. గ్రూపుల కనీసం ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు రెగ్యులర్‌గ వస్తున్నరా చూడుండ్రి, వాళ్లల్ల ఒకరితో ముందే ఫోన్‌ల మాట్లాడుండ్రి, ఫస్ట్ టైం అందరిని గ్రౌండ్‌ల గానీ చెరువు కట్ట మీద గానీ కలిసి చాయ్ తాగినంకనే గుట్టకు పోవుండ్రి. ఎవరి బండి మీద పోతున్నరో, బండి నంబర్ ఎంతో, ఎన్నింటికి తిరిగొస్తరో ఇంట్ల రాసి పెట్టి పోవుండ్రి, వాట్సాప్‌ల లైవ్ లొకేషన్ ఒకరికన్న పెట్టుండ్రి. చీకటి పడకముందే దిగిపోతం అని మొదట్లనే చెప్పని గ్రూపుతో మాత్రం పోకుండ్రి. మీకు మనసుల ఏదో తేడాగ అనిపిస్తే కారణం చెప్పాల్సిన పని లేదు, ఈ వారం కుదర్దు అంటే అయిపాయె.

పైసల సంగతి గూడ. లోకల్ గుట్టలకు పెట్రోల్, టిఫిన్, టికెట్ ఉంటే టికెట్, ఇవి పంచుకోవాలె, అంతే. ఎవరన్న ముందే వేలకు వేలు కట్టుమంటే దేనికి ఎంత అని లెక్క అడుగుండ్రి, బస్సా, తిండా, గైడా, ఇన్సూరెన్సా. లెక్క చెప్పడానికి చిరాకు పడేటోళ్లు గుట్ట మీద మీకు కష్టమొస్తే గూడ చిరాకే పడ్తరు.

పోయేముందు ఒక నెల

ఇది వదిలేసి డైరెక్ట్ గుట్ట ఎక్కేటోళ్లే రెండో వారం రారు. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త గట్టిగ కదలాలె అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది, అంటే రోజుకు 30 నిమిషాల చొప్పున 5 రోజులు. ఆ నడక ఎంత స్పీడ్ ఉండాలె అంటే దానికి వాచ్ అక్కర్లే, నడుసుకుంట మాట్లాడగలగాలె కానీ పాట పాడలేకపోవాలె, అది కరెక్ట్ స్పీడు. మొదటి 2 వారాలు చదునుగ నడువుండ్రి, తర్వాత 2 వారాలు మెట్లు కలుపుండ్రి, అపార్ట్‌మెంట్ మెట్లైనా సరే, పద్మాక్షి గుట్ట మెట్లైతే ఇంక మంచిది.

ఎక్కుడు కంటే దిగుడు కష్టం అని చాలామందికి తెల్వదు. ఎక్కేటప్పుడు దమ్మొస్తది గుండె కొట్టుకుంటది కాబట్టి అదే కష్టం అనుకుంటం, దిగేటప్పుడు తొడ కండరాలు సాగుకుంటనే బరువు ఆపాలె, మోకాలు మీద భారం పడ్తది. తెల్లారి, ఆ మర్నాడు తొడలు పిక్కలు పట్టేసి బాత్రూం మెట్టు దిగాలన్నా అబ్బా అంటరు, అది 2, 3 రోజుల్ల పోతది, భయపడకుండ్రి. కీలు కాడ పొడిచినట్టు నొప్పి, వాపు ఉంటే మాత్రం అది వేరే, డాక్టర్‌కు చూపెట్టుకోవాలె. దిగేటప్పుడు చిన్న చిన్న అడుగులు, మోకాలు కొంచెం వంచి, పక్కకు తిరిగి దిగాల్సిన కాడ సిగ్గు పడకుండ పక్కకు తిరిగే దిగుండ్రి, మా బాపు (ఆ పెద్దాయనను అందరం గట్లనే పిలుస్తం) నిటారు బండ వస్తే కూసొని జారుకుంట దిగుతడు, ఆయన్ని చూసి మేం గూడ.

బీపీ, షుగర్, గుండె సమస్య, ఆస్తమా ఉన్నోళ్లు డాక్టర్‌ను అడిగే రావాలె, దీంట్ల మొహమాటం లేదు. షుగర్ గోళీలు, ఇన్సులిన్ వాడేటోళ్లు పరగడుపున ఎక్కొద్దు, నడకతో షుగర్ పడిపోవచ్చు. చెమటలు, చేతులు వణుకుడు, కండ్లు తిరుగుడు మొదలైతే ఆగి 3 చెంచాల చక్కెరో గ్లూకోజో నోట్లె వేసుకోవాలె, 15 నిమిషాలు చూసి తగ్గకుంటే మళ్ల వేసుకోవాలె, తగ్గినంక ఏదన్న తినాలె. నేను జేబుల చక్కెర పొట్లం లేకుండ గడప దాటను. గ్రూపుల ఒకరిద్దరికి మీ సమస్య చెప్పి పెట్టుండ్రి, దాచుకుంటే ఆపదల వాళ్లకు ఏం చెయ్యాల్నో తెల్వదు. ఛాతిల బరువు, దవడకో చేతికో గుంజుడు, చల్ల చెమటలు వస్తే ఆడనే కూసోబెట్టి 108కి ఫోన్ చేసుడే, గుట్ట పూర్తి చేద్దాం అనే ముచ్చటే లేదు.

ఏ గుట్టతో మొదలుపెట్టాలె

మన ఊరు పేరే ఓరుగల్లు, ఒంటి రాయి, ఏకశిల. ఖిలా వరంగల్‌ల ఆ ఏకశిల గుట్ట ఇప్పటికీ అట్లనే ఉంది, చిన్నది, మెట్లున్నయి, పిల్లలు గూడ ఎక్కుతరు, పై నుంచి కోట మొత్తం తోరణాలతో సహా కనపడ్తది. మొదటి ఆదివారానికి అది చాలు. రెండోది హనుమకొండ పద్మాక్షి గుట్ట, అమ్మవారి గుడి, బండ మీద చెక్కిన జైన తీర్థంకరులు, కింద గుండం, సద్దుల బతుకమ్మ నాడు అక్కడ కాలు పెట్టే జాగ ఉండదు, మామూలు రోజుల్ల పొద్దున పోతే ప్రశాంతం. మూడోది మడికొండ మెట్టుగుట్ట, రామలింగేశ్వర స్వామి గుడి, ఎవరో పేర్చిపెట్టినట్టు నిలబడ్డ బండరాళ్లు, ఒకదాని మీద ఒకటి ఎట్ల ఆగినయో అని ఎన్నిసార్లు చూసినా అనిపిస్తది.

ఈ మూడు అలవాటైనంక ధర్మసాగర్ దిక్కు దేవునూరు ఇనుపరాతి గుట్టలు, అటు తర్వాత పాండవుల గుట్ట. పాండవుల గుట్ట రేగొండ మండలంల ఉంటది, వరంగల్ నుంచి 50 కిలోమీటర్ల చిల్లర. నిట్టనిలువు రాతి గోడలు, గుహలు, ఆ గుహల్ల వేల ఏండ్ల కింద మనుషులు ఎర్ర రంగుతో వేసిన జంతువుల బొమ్మలు. మొదటిసారి ఆ బొమ్మల ముంగట నిలబడ్డప్పుడు మా గ్రూపుల ఎవరూ మాట్లాడలే, ఇంత దగ్గర ఉండి 40 ఏండ్లు చూడలేదే అని నాకు ఒంట్లె ఎట్లనో అయింది. దయచేసి ఆ బొమ్మలను చెయ్యితో ముట్టకుండ్రి, నీళ్లు చల్లి ఫోటో తియ్యకుండ్రి, రంగు పోతది, పోయిందంటే ఎవరూ తెచ్చియ్యలేరు. బండ మీద పేర్లు రాసేటోళ్లను చూస్తే ఊకోకుండ్రి, మంచిగనే చెప్పుండ్రి. అది అడవి జాగ కాబట్టి పోయేముందు ఫారెస్టోళ్లను అడిగి పోవాలె. పాకాల, ఏటూరునాగారం అడవులకైతే పర్మిషన్ లేనిదే లోపలికి నడవొద్దు, అభయారణ్యాలవి.

పెద్దపల్లి దిక్కు రామగిరి ఖిల్లా చాలా మంచిగుంటది కానీ రోజంతా పడ్తది, కనీసం 10 చిన్న గుట్టలు ఎక్కినంకనే ఆ పేరు ఎత్తుండ్రి. తాడుతో బండలెక్కుడు నేర్చుకోవాలంటే భువనగిరి ఉంది, కాజీపేటల రైలు ఎక్కితే సికింద్రాబాద్ తొవ్వలనే. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి బిడ్డ మాలావత్ పూర్ణ ఆ భువనగిరి బండ మీదనే మొదలు నేర్చుకుంది, 2014 మే 25న 13 ఏండ్ల 11 నెలల వయసుల ఎవరెస్ట్ ఎక్కింది. మా పిల్లలకు ఈ ముచ్చట ఎన్నిసార్లు చెప్పిన్నో లెక్కలేదు.

టైం సంగతి. దసరా పోయినంక నుంచి శివరాత్రి దాంక మంచి సీజన్. ఎండకాలం ఇక్కడ 44, 45 డిగ్రీలు పోతది, బండ కాగి పొయ్యి మీద పెంక తీరు ఉంటది, ఏప్రిల్, మే నెలల్ల పోతే పొద్దున 5:30కు ఎక్కుడు షురూ చేసి 8 లోపు కింద ఉండాలె, లేకుంటే మానేయాలె. వానకాలం పచ్చగ మస్తుంటది కానీ బండ మీద పాచి, కాలు పెడితే జర్రున జారుతది, ఉరుము వినపడితే వెంటనే దిగాలె, చెట్టు కింద ఆగొద్దు. బతుకమ్మ ముందు గుట్టల కింద గునుగు, తంగేడు విరగబూస్తది, ఆ రెండు వారాలు మాత్రం నేను ఒక్కటి గూడ మిస్ కాను.

సంచిల ఏముండాలె

నీళ్లు మనిషికి 2 లీటర్లు, ఎండైతే 3. నేను పోస్తలే అని ఎవరి మీద ఆధారపడకుండ్రి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు 2, అవి లేకపోతే లీటర్ నీళ్లల్ల 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుకోవచ్చు, చెంచా అంటే చిన్న చెంచా, తల కొట్టేసి ఉండాలె, ఉప్పు ఎక్కువ కావొద్దు. బూట్లు కొత్తయి తొడుక్కొని డైరెక్ట్ రావొద్దు, 2 వారాలు ఇంటి కాడ నడిచి కాలుకు అలవాటు చెయ్యాలె, లేకుంటే బొబ్బలే. ఖరీదైన బూట్లు అక్కర్లే, కింద గాళ్లు ఉన్న స్పోర్ట్స్ షూ చాలు, అరిగిపోయిన వాకింగ్ షూ మాత్రం బండ మీద పనికిరాదు. వేళ్ల ముంగట అర అంగుళం ఖాళీ ఉండాలె, దిగేటప్పుడు గోరు తగిలి నల్లగైతది. కాటన్ సాక్స్ చెమటకు తడిసి ఒరుస్తది, ఇంకో జత పెట్టుకోండ్రి. టోపీ, పూర్తి ప్యాంటు, చిన్న టార్చి, విజిల్. విజిల్ ఎందుకంటరేమో, ఆ మొదటి గుట్ట మీద నా కాడ విజిల్ ఉంటే 40 నిమిషాలు కూసునేదాన్ని కాదు, 3 సార్లు ఊదుడు అంటే సాయం కావాలె అని గుర్తు, గ్రూపుల అందరికి ఇది తెలిసుండాలె.

తిండి మాత్రం ఎవరి ఇంటిది వాళ్లు తెచ్చి కలిపి తినాలె, నాకైతే సగం దోస్తానా ఆడనే కుదిరింది. ఒకామె సర్వపిండి, ఒకాయన మక్క గారెలు, ఇంకొకరు జొన్న రొట్టె పచ్చడి, బాపు ఎప్పుడూ పల్లీ పట్టీలే తెస్తడు, సంక్రాంతి తర్వాత నెల రోజులు అందరి డబ్బల్ల సకినాలే. ఎక్కేటప్పుడు కడుపు నిండ తినొద్దు, సగం, మిగిలింది దిగినంక. ప్లాస్టిక్ కవర్లు, బాటిళ్లు తెచ్చినయన్నీ తిరిగి సంచిల పడాలె, మా గ్రూపుల ఒక ఖాళీ సంచి ఎక్స్‌ట్రా తెచ్చుకొని ముందు పోయినోళ్లు పారేసినయి గూడ ఏరుకొస్తం.

పురుగు పుట్ర

తేనెటీగలకు నేను పాము కంటే ఎక్కువ భయపడ్త. పెద్ద బండల కొసలకు తేనెతుట్టెలు వేలాడుతుంటయి, సెంటు కొట్టుకొని రావొద్దు, పొగ పెట్టొద్దు, స్పీకర్ల పాటలు పెట్టొద్దు, పిల్లలు రాయి విసరకుండ చూడాలె. లేచినయంటే మొహం కప్పుకొని ఆగకుండ దూరం ఉరకాలె, చేతులు ఊపుకుంట అక్కడే నిలబడొద్దు. ముల్లు దిగితే గోరుతో గీకి తొందరగ తీసేయాలె. మొహం ఉబ్బుడు, దమ్ము అందకపోవుడు, లేదా మస్తు కుట్టుడు అయితే దవాఖానకే.

పాము రాళ్ల సందుల్ల, ఎండుటాకుల కింద ఉంటది. చూడకుండ బండ సందుల చెయ్యి పెట్టొద్దు, కూసునే ముందు కర్రతో తట్టాలె. కరిస్తే తాడు కట్టుడు, బ్లేడుతో కోసుడు, నోటితో గుంజుడు, మంత్రం, ఇవేవీ వద్దు. ఉంగరం, గాజులు, పట్టీలు తీసేసి, కరిచిన చెయ్యి కాలు కదలకుండ పెట్టి, మనిషిని నడిపించకుండ మోసుకొని దించి 108ల విరుగుడు మందు ఉన్న దగ్గరి దవాఖానకు, వరంగల్ ఎంజీఎం లాంటి దానికి, తీస్కపోవాలె. పామును పట్టుకొచ్చే పని అస్సలు లేదు.

గ్రూపుల కలిసిపోవుడు

ఫస్ట్ రోజే అందరు మీతో మాట్లాడాలె అని ఆశ పెట్టుకోకుండ్రి. వాళ్లకు వాళ్ల పాత ముచ్చట్లు ఉంటయి, మీరు పక్కన నడుస్తుంటరు, పరాయిగ అనిపిస్తది, నాకూ అనిపించింది. ఒక్కసారి పోయి ఆపేయకుండ 4 ఆదివారాలు వరుసగ పోవుండ్రి. మొదటిసారి పేరు, రెండోసారి ఏరియా, మూడోసారి పిల్లలేం చదువుతున్నరు, నాలుగోసారికి మోకాలు ఎట్లుంది అక్కా అని వాళ్లే అడుగుతరు. ఏదన్న పని మీద వేసుకుంటే ఇంకా తొందర, తలలు లెక్కబెట్టుడు, చాయ్ ఫ్లాస్క్ మోసుడు, మందుల డబ్బ మోసుడు. నేను 3 ఏండ్ల నుంచి లెక్కబెట్టే పని చేస్తున్న, ఎక్కేముందు, పైన, దిగినంక, 3 సార్లు, ఎంతమంది ఎక్కిండ్రో అంతమంది దిగాలె.

వాట్సాప్ గ్రూపుల గుడ్ మార్నింగ్ ఫోటోలు, రాజకీయం వద్దు, వస్తనంటే రావాలె, రాకపోతే ముందు రోజు రాత్రి 9 లోపు చెప్పాలె, ఎందుకంటే తెల్లవారంగ మీ కోసం బండి ఆపుకొని 12 మంది చూస్తుంటరు. ఇంకొకరి ఫోటో అడగకుండ పెట్టొద్దు, ముఖ్యంగ ఆడవాళ్లవి. స్పీడ్ నడిచేటోళ్లు ఉంటే వాళ్లను ముందు పొమ్మనాలె కానీ తొవ్వ చీలే ప్రతి కాడ ఆగి వెనుకోళ్లు కనపడినంకనే కదలాలె, వెనుకోళ్లు వచ్చినంక వాళ్లకు గూడ 5 నిమిషాలు రెస్ట్ ఇచ్చి కదలాలె, ముందోళ్లు రెస్ట్ తీసుకున్నరు గదా పదండి అంటే ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే రెస్ట్ దొరకదు.

పోయిన చలికాలం బాపుకు కంటి ఆపరేషన్ అయి 2 నెలలు రాలే. ఆదివారం ఆదివారం గుట్ట దిగినంక కాజీపేటల వాళ్లింటి కాడ ఆగి చాయ్ తాగి, ఎవరెవరు వచ్చిండ్రో, ఎవరు యాడ ఆగిండ్రో చెప్పి వచ్చేటోళ్లం. ఆ 2 నెలలు చివర్ల నడిచే పని నాకిచ్చిండ్రు. ఒకనాడు మెట్టుగుట్ట మీద కొత్తగ వచ్చిన ఒకామె సగం కాడ కూసొని నా వల్ల గాదక్కా మీరు పోండ్రి అన్నది. ఆమె పక్కనే బండ మీద కూసొని, ఇగో అటు చూడు చెల్లె, గది కాజీపేట, గది ధర్మసాగర్ చెరువు అని చూపెట్టిన.